లెక్కల మనుషులు లెక్కలోకి వచ్చేదెలా?

గణాంక శాస్త్ర సంఘాలిచ్చే ఫెలోషిప్‌ ఒకచోట చందా కడితే వస్తుంది. మరోచోట జీవితమంతా పనిచేసినా రాకపోవచ్చు. ఈ రెండో రకం గౌరవానికి అర్హత ఒక్కటే చాలదు. ఆ అర్హతను కాగితం మీద పెట్టే సాటి మనిషి కూడా కావాలి.

ఎఫ్‌.ఆర్‌.ఎస్‌. అంటే లండన్‌ రాయల్‌ సొసైటీ ఫెలో. శ్రీనివాస రామానుజన్‌కు 1918లో, ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు 1945లో, కల్యంపూడి రాధాకృష్ణారావుకు 1967లో దక్కిన గౌరవం అది. దాని చివర మరో ‘ఎస్‌’ చేరిస్తే ఎఫ్‌.ఆర్‌.ఎస్‌.ఎస్‌. అవుతుంది. అంటే అదే లండన్‌లోని రాయల్‌ స్టాటిస్టికల్‌ సొసైటీ ఫెలో. విజిటింగ్‌ కార్డు మీద చూస్తే ఒక్క అక్షరమే తేడా. అసలు తేడా మాత్రం చాలా పెద్దది. మొదటిది ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకైనా అందగల అత్యున్నత గౌరవాల్లో ఒకటి. రెండోది స్టాటిస్టిక్స్‌ మీద ఆసక్తి ఉన్నవారెవరైనా దరఖాస్తు పెట్టుకుని, చందా కట్టి పొందగల సభ్యత్వం.

ఇందులో మోసమేమీ లేదు. 1834లో పుట్టి, 1887లో రాజముద్ర పొందిన ఆ సొసైటీ తన సభ్యులను ఫెలోలనే పిలుస్తుంది. ఆ సంగతి దాచిపెట్టదు కూడా. చిక్కల్లా ఆ మాట సముద్రాలు దాటి మన ఊరి సన్మాన పత్రాల్లోకి, పదోన్నతి దరఖాస్తుల్లోకి చేరినప్పుడే వస్తుంది. ‘ఫెలో’ అన్న మాట వినగానే అందరం ఒకే రకంగా తల ఊపుతాం. ఏ సంఘం ఇచ్చింది, ఎవరు ఎంపిక చేశారు, ఏం చూసి ఎంపిక చేశారు అని అడిగేవారు తక్కువ. అంకెలనే నమ్ముకున్న వృత్తిలో తన మనుషులను అంచనా వేసుకునే కొలబద్ద ఏమిటన్నది మాత్రం అడగదగిన ప్రశ్నే.

మాట ఒకటే, అర్థాలు వేరు

అట్లాంటిక్‌ అవతలి ఒడ్డున అదే మాటకు అర్థం మారిపోతుంది. 1839లో బోస్టన్‌లో మొదలైన అమెరికన్‌ స్టాటిస్టికల్‌ అసోసియేషన్‌, వృత్తిలో అందరూ పిలిచే పేరు ఏఎస్‌ఏ, 1914 నుంచి ఫెలోలను ఎన్నుకుంటోంది. ఇక్కడ చందా కడితే సభ్యుడవుతారు తప్ప ఫెలో కారు. ఏ ఏడాదైనా కొత్తగా ఎంపికయ్యే ఫెలోల సంఖ్య మొత్తం సభ్యుల్లో ఒక శాతంలో మూడో వంతు దాటరాదని నిబంధన. అంటే ప్రతి 300 మంది సభ్యులకు ఏడాదికి ఒక్కరు. 18 వేల మంది సభ్యులుంటే 60 మంది, అంతే. ఆ ఏడాది అర్హులు ఎక్కువగా ఉన్నా గేటు వెడల్పు పెరగదు.

1935లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ మేథమెటికల్‌ స్టాటిస్టిక్స్‌ కూడా నామినేషన్ల మీద ఫెలోలను ఎంచుకుంటుంది. అక్కడ ప్రధానంగా చూసేది పరిశోధన. కొత్త సిద్ధాంతమో, కొత్త పద్ధతో సొంతంగా కనుక్కుని ప్రచురించి ఉండాలి. అయితే పరిశోధన కాకుండా వృత్తికి నాయకత్వం వహించినవారి సేవ అంతే విలువైనదని కమిటీ భావిస్తే ఆ షరతు సడలించే వీలుంది. 1885లో మొదలైన ఇంటర్నేషనల్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలో అన్న పేరే లేదు. అక్కడ గౌరవం ‘ఎన్నికైన సభ్యుడు’ కావడంలో ఉంది.

లండన్‌ సొసైటీకి కూడా అర్హత చూసి ఇచ్చే గుర్తింపు ఒకటుంది. 1993లో ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ స్టాటిస్టిషియన్స్‌ అన్న వృత్తి సంఘం ఆ సొసైటీలో విలీనమైంది. అప్పటి నుంచి చదువు, అనుభవం పరిశీలించి ‘చార్టర్డ్‌ స్టాటిస్టిషియన్‌’ హోదా ఇస్తున్నారు. చార్టర్డ్‌ అకౌంటెంట్‌ లాగా అది వృత్తి అర్హత. కాబట్టి ఆ సొసైటీ మనిషి స్థాయి తెలియాలంటే ఫెలో అవునా కాదా అని కాక, చార్టర్డ్‌ అవునా కాదా అని చూడాలి. తెలియని పాఠకుడికి ఇదంతా గజిబిజిగా అనిపించవచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఒకటే. తనంతట తాను చేరగలిగేది సభ్యత్వం. సాటివారు ఎంచితే వచ్చేది గౌరవం. పేరు ఏదైనా కావచ్చు.

ఫైలులో ఏముంటుంది?

ఏఎస్‌ఏ ఎంపిక పరీక్ష కాదు, ఇంటర్వ్యూ కాదు. ఒక ఫైలు. అసోసియేషన్‌ సభ్యుడొకరు అభ్యర్థిని ప్రతిపాదించాలి. అభ్యర్థి బయోడేటా, చేసిన సేవల వివరణ, ఆ పని తెలిసిన మరి కొందరి సమర్థన లేఖలు జతచేయాలి. గౌరవ పత్రం మీద ఏమని రాయాలో ఒక వాక్యం కూడా ప్రతిపాదించాలి. ఈ ఫైళ్లన్నీ ఫెలోల కమిటీ ముందుకు వెళతాయి. కమిటీ చూసేవి ప్రచురణలు, ఉద్యోగంలో నిర్వహించిన బాధ్యత, అసోసియేషన్‌ కార్యక్రమాల్లో పాత్ర, ఇతర సంఘాల్లో సాధించినవి, వృత్తికి చేసిన ఇతర సేవలు. ఎంపికైనవారికి ఏటా ఆగస్టు ప్రాంతంలో జరిగే ఉమ్మడి గణాంక సమావేశాల్లో పత్రం అందజేస్తారు.

కాగితం మీద ఇది సూటిగా కనిపిస్తుంది. ఆచరణలో ఫైలు తేలిపోయేదీ, నిలబడేదీ ఒక్క విషయం మీదే. అభ్యర్థి ఎంత పని చేశాడన్నది కాదు, ఆ పని వల్ల ఏం మారిందన్నది. ‘80 పరిశోధన పత్రాలు రాశారు, 12 మందికి పీహెచ్‌డీ మార్గదర్శకులు, సౌమ్యులు, మేధావి’ అన్న ఉత్తరం కమిటీకి ఏమీ చెప్పదు. అలాంటి ఉత్తరాలు గుట్టలుగా వస్తాయి. ‘ఈయన పద్ధతి రాకముందు సర్వేలో జవాబివ్వని ఇళ్లను వదిలేసి లెక్క కట్టేవాళ్లం. ఇప్పుడు అలా కట్టడం లేదు. నేను పనిచేసే సంస్థలోనే దాన్ని అమలు చేశాం’ అన్న ఉత్తరం చెబుతుంది. మొదటిది పొగడ్త, రెండోది సాక్ష్యం.

మన దగ్గర చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. సిఫార్సు లేఖ అడగడానికి వెళ్లిన యువ అధ్యాపకుడికి పెద్దలు చెప్పే మాట తరచూ ఒకటే. ‘నువ్వే రాసి పట్టుకురా నాయనా, సంతకం పెడతాను.’ అది ప్రేమతో అన్నదే కావచ్చు. కానీ నలుగురి సంతకాలున్న నాలుగు ఉత్తరాలూ ఒకే చేతిలోంచి వస్తే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అప్పుడు నలుగురు సాక్షులు ఒక్కడైపోతారు. పైగా తన గొప్ప తాను రాసుకోవడానికి మొహమాటపడే మనిషి సగం సంగతులు వదిలేస్తాడు. మొహమాటం లేనివాడు రెట్టింపు చేస్తాడు. రెండూ నష్టమే.

విశాఖ నుంచి కలకత్తాకు

ఈ గుర్తింపుకు ఎంత కాలం పట్టవచ్చో చెప్పాలంటే తెలుగువారికి దూరం వెళ్లనక్కర్లేదు. సి.ఆర్‌.రావు 1920 సెప్టెంబర్‌ 10న అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు అధికారి కావడంతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో సాగింది. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఏ. పూర్తయింది. యుద్ధ కాలం. సైన్యంలో గణితం తెలిసినవారికి ఉద్యోగాలున్నాయని కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు. మహలనోబిస్‌ పదేళ్ల కిందట ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక గదిలో మొదలుపెట్టిన సంస్థ అది.

అక్కడ రావు పాఠం చెబుతున్న తరగతిలో ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. శాంపిల్‌ చాలా పెద్దదైనప్పుడు అంచనా కచ్చితత్వానికి ఉన్న హద్దు గురించి ఫిషర్‌ చెప్పిన ఫలితం చిన్న శాంపిల్‌కు కూడా నిరూపించగలమా అన్నది ఆ ప్రశ్న. అడిగింది వి.ఎం.దండేకర్‌, తర్వాతి కాలంలో పేదరికం మీద అధ్యయనాలతో ప్రసిద్ధుడైన ఆర్థికవేత్త. ఆ రాత్రే రావు సమాధానం పట్టుకున్నారు. 1945లో కలకత్తా మేథమెటికల్‌ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన పత్రంలో ఆ ఫలితం ఉంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా అంచనాలోని అనిశ్చితి ఒక మేర కంటే తగ్గదని, ఆ మేర ఎంతో లెక్క కట్టవచ్చని అది చూపింది. స్వీడన్‌ శాస్త్రవేత్త హెరాల్డ్‌ క్రామెర్‌ కూడా విడిగా అదే ఫలితానికి చేరడంతో దానికి క్రామెర్‌–రావు అసమానత అని పేరు వచ్చింది. అప్పటికి రావు వయసు పాతికేళ్లు.

ఇక తేదీలు చూడండి. పత్రం 1945లో. రాయల్‌ సొసైటీ ఫెలోషిప్‌ 1967లో. అమెరికా నేషనల్‌ మెడల్‌ ఆఫ్‌ సైన్స్‌ 2002లో చేతికందింది. 1945 నాటి పత్రాన్ని ప్రస్తావిస్తూ ఇంటర్నేషనల్‌ ప్రైజ్‌ ఇన్‌ స్టాటిస్టిక్స్‌ ప్రకటించింది 2023లో. అంటే 78 ఏళ్ల తర్వాత. ఆ ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

కలకత్తాలో అచ్చయిన ఒక పత్రిక నుంచి ఆ ఫలితం ప్రపంచం మొత్తానికి చేరడానికి రావు ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఆయన 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో సుడాన్‌ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషిస్తూ, ఆర్‌.ఎ.ఫిషర్‌ దగ్గర 1948లో పీహెచ్‌డీ చేశారు. ఇతరులు ఆయన ఫలితాన్ని వాడారు, పాఠ్యపుస్తకాల్లో పెట్టారు, విద్యార్థులకు బోధించారు. ఆయన శిష్యుల్లో ఒకరైన ఎస్‌.ఆర్‌.ఎస్‌.వరదన్‌కు 2007లో గణితంలో అబెల్‌ బహుమతి వచ్చింది. పని గొప్పదని చెప్పేవారు పదిచోట్ల ఉన్నప్పుడే ఫైలుకు బలం.

ఏలూరు రావు గారి చిన్న లెక్క

గుర్తింపుకు మరో దారి కూడా ఉంది. ప్రభుత్వాలకు పనికొచ్చే గణాంక శాస్త్రం. ఏలూరులో 1937లో పుట్టిన జె.ఎన్‌.కె.రావు ఇందుకు ఉదాహరణ. ఆంధ్ర, బొంబాయి విశ్వవిద్యాలయాల్లో చదివి, అమెరికాలోని అయోవా స్టేట్‌లో 1961లో పీహెచ్‌డీ పొందారు. తర్వాత కెనడా రాజధాని ఒటావాలో కార్ల్‌టన్‌ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. ఏఎస్‌ఏ, ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ మేథమెటికల్‌ స్టాటిస్టిక్స్‌ రెండింటిలోనూ ఫెలో.

ఆయన పేరు ఎక్కువగా ముడిపడిన విషయం ‘స్మాల్‌ ఏరియా ఎస్టిమేషన్‌’. సమస్య సామాన్యులకూ అర్థమయ్యేదే. రాష్ట్రంలో నిరుద్యోగం ఎంతో చెప్పడానికి కొన్ని వేల ఇళ్ల సర్వే సరిపోతుంది. అదే సర్వే నుంచి ఒక మండలం లెక్క చెప్పమంటే ఆ మండలంలో సర్వేకి దొరికినవి పది ఇళ్లే కావచ్చు. అసలు ఒక్కటీ దొరక్కపోవచ్చు. పది ఇళ్ల సగటును మండలం సగటు అనడం అన్యాయం. అందుకని ఆ పది ఇళ్ల సమాచారానికి జనగణన లెక్కలు, రేషన్‌ కార్డులు, పన్ను పత్రాల వంటి ప్రభుత్వ రికార్డులు, పోలిక ఉన్న ఇతర ప్రాంతాల వివరాలు జోడించి అంచనా కడతారు. ఆ అంచనా ఎంత తప్పే అవకాశముందో కూడా కడతారు. జె.ఎన్‌.కె.రావు 2003లో తెచ్చిన పుస్తకం ఈ రంగంలో చేతి పుస్తకం లాంటిది. అమెరికాలో జిల్లాల స్థాయి పేదరికపు అంచనాలు ఈ తరహా పద్ధతులతోనే కడతారు. పాఠశాలలకు నిధుల పంపకంలో ఆ అంచనాలు వాడతారు.

కమిటీ ముందు ఇలాంటి ఫైలు వస్తే ‘ఏం మారింది?’ అన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడి బడికి ఎంత డబ్బు వెళ్లాలన్న నిర్ణయం దాకా ఆ లెక్క వెళ్లింది. మన దేశానికి ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెడుతూ 2025 జూన్‌లో నోటిఫికేషన్‌ వెలువడింది. ఊతమిచ్చే జనగణన పాతబడే కొద్దీ మండలాల అంచనాలు బలహీనపడతాయి. వాటిని నిలబెట్టే బాధ్యత గణాంకవేత్తల మీద పడుతుంది.

పత్రం లేని పని

పైన చెప్పిన ఇద్దరు రావులూ విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో పనిచేసినవారు. వారి పని అచ్చులో ఉంది. అచ్చులోకి రాని పని సంగతేమిటి? గణాంక శాస్త్రంలో సగం అలాంటిదే. సర్వే ప్రశ్నావళిలో ఒక ప్రశ్న మార్చి తప్పుడు జవాబులను తగ్గించిన అధికారి ఉంటారు. మందుల కంపెనీలో క్లినికల్‌ పరీక్ష ఎంతమంది రోగులతో చేయాలో లెక్కకట్టి, పనికిరాని పరీక్షను ముందే ఆపించిన ఉద్యోగి ఉంటారు. ఫ్యాక్టరీలో నాణ్యత నియంత్రణ చార్టు పెట్టించి సరుకు వృథా తగ్గించిన ఇంజనీరు ఉంటారు. వీళ్లకు పత్రాలు ఉండవు. ఉన్నా కంపెనీ బయటపెట్టనివ్వదు.

ఇది కొత్త సమస్య కాదు. డబ్లిన్‌లోని గిన్నెస్‌ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గోసెట్‌ చిన్న శాంపిళ్లతో నమ్మదగిన నిర్ణయానికి రావడమెలాగో కనుక్కున్నారు. 1908లో అచ్చయిన ఆ పత్రం మీద ఆయన పేరు లేదు. యాజమాన్యం సొంత పేరుతో ప్రచురించనివ్వలేదు. ‘స్టూడెంట్‌’ అన్న మారుపేరుతో వచ్చింది. నేటికీ డిగ్రీ విద్యార్థులు ‘స్టూడెంట్స్‌ టి–టెస్ట్‌’ అనే చదువుతారు. ఆయన పేరు చాలామందికి తెలియదు.

ఫ్లారెన్స్‌ నైటింగేల్‌కు యూనివర్సిటీ డిగ్రీయే లేదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే ఆస్పత్రిలోని రోగాల వల్లే ఎక్కువగా చనిపోతున్నారని అంకెలతో, బొమ్మలతో చూపించారు. 1858లో లండన్‌ స్టాటిస్టికల్‌ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలయ్యారు. 1874లో ఏఎస్‌ఏ ఆమెను గౌరవ సభ్యురాలిగా తీసుకుంది. ఆ మధ్య కాలంలో ఆమె శ్రమలో పెద్ద భాగం మన దేశంలోని సైనిక శిబిరాల పారిశుద్ధ్యం లెక్కల మీదే సాగింది. ఆ విషయంపై రాయల్‌ కమిషన్‌ నివేదిక 1863లో వచ్చింది. నైటింగేల్‌ విషయంలో ఆ సంఘాలు చూసింది డిగ్రీలు కాదు, పర్యవసానం.

మన దేశంలోనూ ఈ ఒరవడి ఉంది. నాణ్యత నియంత్రణ చార్టులకు ఆద్యుడైన వాల్టర్‌ షూహార్ట్‌ మహలనోబిస్‌ ఆహ్వానంపై 1947–48 చలికాలంలో భారత్‌ వచ్చారు. తర్వాత ఫ్యాక్టరీలకు సలహాలిచ్చే యూనిట్లను ఇన్‌స్టిట్యూట్‌ వివిధ నగరాల్లో తెరిచింది. హైదరాబాద్‌ యూనిట్‌ వాటిలో ఒకటి. 1950లో మొదలైన నేషనల్‌ శాంపిల్‌ సర్వే కోసం ఊరూరా తిరిగిన క్షేత్ర సిబ్బంది తరాలుగా ఉన్నారు. దేశంలో పేదరికం, నిరుద్యోగం గురించి మనకు తెలిసినదంతా వారి నోటు పుస్తకాల్లోంచి వచ్చిందే. ఫెలోల జాబితాల్లో అలాంటి పని చేసినవారి కోసం వెతికితే కనిపించేవి ఎక్కువగా ఆచార్యుల పేర్లే. అర్హత లేక కాదు. ఫైలు కట్టేవారు లేక.

అమ్మకానికి అక్షరాలు

ఇటువైపు గుర్తింపు రాని పని ఉంటే, అటువైపు పని లేని గుర్తింపు పెరిగింది. విద్యాసంస్థల్లో పనిచేసే ఎవరి మెయిల్‌ తెరిచినా ఇలాంటి ఆహ్వానం ఒకటి కనిపిస్తుంది. ‘మీ విశిష్ట సేవలను గుర్తించి ఫెలోగా ఎంపిక చేశాం. ఫలానా తేదీ లోగా ఇంత రుసుము చెల్లించండి. జ్ఞాపిక, శాలువా, పత్రం అందజేస్తాం.’ ఆ సేవలేమిటో అందులో ఉండదు. ఎవరు పరిశీలించారో ఉండదు. పదోన్నతి దరఖాస్తులో గౌరవాల గడి నింపాల్సిన ఒత్తిడి ఉన్నంత కాలం ఈ వ్యాపారానికి గిరాకీ తగ్గదు.

అసలును, నకలును గుర్తుపట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. డబ్బు కట్టినవారందరికీ వస్తుందా? ఏడాదికి ఇంతమందికే అన్న పరిమితి ఉందా? ఎంపిక చేసిన కమిటీ సభ్యుల పేర్లు, ఎంపికకు కారణం బయటికి చెబుతారా? లండన్‌ సొసైటీ మొదటి ప్రశ్నకు దాపరికం లేకుండా ‘అవును, అది సభ్యత్వం’ అంటుంది. ఏఎస్‌ఏ రెండో, మూడో ప్రశ్నలకు సమాధానం చెబుతుంది. మూడింటికీ తప్పించుకునే సంఘమైతే దాని పత్రం ఖరీదు ఫ్రేము ఖరీదే.

జీతమిచ్చే చేయి కానిది

ఇంతకీ ఈ గౌరవం రావడం, రాకపోవడం వల్ల సామాన్యుడికి ఏం ఒరుగుతుంది? గణాంకవేత్తకు ప్రభుత్వమో, కంపెనీయో జీతమిస్తుంది. ఆయన చెప్పే అంకె ఒక్కోసారి ఆ జీతమిచ్చేవారికే నచ్చదు. అలాంటప్పుడు ఆయన నిలబడటానికి ఉద్యోగం బయట ఒక చోటు కావాలి. వృత్తి సంఘం ఇచ్చేది అదే.

గ్రీస్‌లో జరిగింది చూడండి. 2010 నుంచి 2015 దాకా ఆ దేశ గణాంక సంస్థకు అధిపతిగా ఉన్న ఆండ్రియాస్‌ జార్జియూ 2009 బడ్జెట్‌ లోటును యూరప్‌ నిబంధనల ప్రకారం తిరగలెక్కించారు. కొత్త లెక్కలో లోటు పెరిగింది. యూరప్‌ గణాంక సంస్థ ఆ లెక్క సరైనదేనంది. స్వదేశంలో మాత్రం ఆయన మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. ఆ కాలమంతా ఏఎస్‌ఏ, రాయల్‌ స్టాటిస్టికల్‌ సొసైటీ, ఇంటర్నేషనల్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆయన పక్షాన బహిరంగంగా మాట్లాడాయి. కోర్టు తీర్పులను అవి మార్చలేకపోయాయి. కానీ ఆయన చేసింది నేరమా, వృత్తి ధర్మమా అన్న ప్రశ్నకు వృత్తి తరఫు సమాధానం రికార్డులో ఉంది.

మన దగ్గర 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్‌కు పి.సి.మోహనన్‌, జె.వి.మీనాక్షి రాజీనామా చేశారు. కమిషన్‌ ఆమోదించిన 2017–18 ఉపాధి సర్వే నివేదిక విడుదల కాకపోవడం వారు చెప్పిన కారణాల్లో ఒకటి. నివేదిక ఇంకా తుదిరూపు దాల్చలేదన్నది ప్రభుత్వ పక్షం వాదన. ఎన్నికలు ముగిశాక, మే 31న ఆ నివేదిక వెలువడింది. అందులో నిరుద్యోగం 6.1 శాతం. ఎవరి వాదన ఎలా ఉన్నా ఒకటి తేలింది. అంకెకు విలువ దాన్ని చెప్పినవారి స్వతంత్రతను బట్టే ఉంటుంది. ఆ స్వతంత్రతకు సాటివారి మన్నన ఒక అండ.

సాటివారి మన్నన సరిహద్దులు కూడా చూడదు. దేశ విభజన జరిగిన ఐదేళ్లకు, 1952లో, పాకిస్తాన్‌ స్టాటిస్టికల్‌ అసోసియేషన్‌ మహలనోబిస్‌ను ఫెలోగా తీసుకుంది. అప్పటికి ఆయన నెహ్రూ ప్రభుత్వానికి గణాంక సలహాదారు. నాటి తూర్పు పాకిస్తాన్‌లో, ఢాకా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్‌ బోధనకు పునాది వేసిన కాజీ మొతాహర్‌ హుసేన్‌ ఆయన దగ్గర శిక్షణ పొందినవారే. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు కరవైన రోజుల్లోనూ గణాంకవేత్తలు ఒకరి పనిని ఒకరు గుర్తించారు.

అడగందే అమ్మైనా పెట్టదు

హైదరాబాద్‌, విశాఖల్లో ఈ వృత్తిలోకి వస్తున్న యువతకు ఇందులో పనికొచ్చే పాఠాలున్నాయి. మొదటిది, సంఘంలో ముందే చేరాలి. ఫెలోషిప్‌ కోసం ఆఖరి నిమిషంలో సభ్యత్వం తీసుకున్న మనిషికి ‘సంఘానికి చేసిన సేవ’ అన్న పేజీ ఖాళీగానే ఉంటుంది. పత్రికలకు వచ్చిన వ్యాసాలను పరిశీలించడం, సదస్సులో ఒక విభాగం నడపడం, బడి పిల్లలకు గణాంకాల పోటీ పెట్టడం వంటివి ఎవరూ చూడని పనులు. ఆ పేజీ నిండేది వాటితోనే. రెండోది, చేసిన పనికి ఏం ఫలితం వచ్చిందో అప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుందామంటే కుదరదు. కంపెనీ రహస్యాలు బయటపెట్టకుండానే ‘ఫలానా నిర్ణయం ఇలా మారింది’ అని రెండు వాక్యాలు రాయవచ్చు. మూడోది, అడగాలి. తన పని తెలిసిన సీనియర్‌ను కలిసి ‘నన్ను ప్రతిపాదించే స్థాయి ఉందా, లేకపోతే ఇంకా ఏం కావాలి?’ అని అడగడం చిన్నతనం కాదు. ఒకసారి రాకపోతే మరో ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చు. క్రితంసారి ఫైలులో ఏది బలహీనంగా ఉందో చూసుకుని వెళితే చాలు.

అంతకంటే పెద్ద పని మాత్రం పెద్దల మీదే ఉంది. అమెరికాలో స్థిరపడిన భారతీయ గణాంకవేత్తలు ఆ సంఘాల్లో అధ్యక్ష స్థానం దాకా వెళ్లారు. కోల్‌కతా ఐఎస్‌ఐలో చదివి వెళ్లిన శాస్త్రి పంతుల 2010లో ఏఎస్‌ఏకు అధ్యక్షులుగా ఉన్నారు. 2024లో భారతీయ మూలాలున్న బానీ ఘోష్‌ దస్తీదార్‌ ఆ పదవిలో ఉన్నారు. తలుపు మూసి లేదు. ఇక్కడి సర్వే కార్యాలయాల్లో, ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో జరిగే పని గురించి తెలిసిన పెద్దలు సంతకం పెట్టే అలవాటు మాని, కూర్చుని తామే ఒక ఉత్తరం రాయాలి. ఆ మనిషి పదవీ విరమణ సభలో చెప్పే మంచి మాటలే, పదేళ్ల ముందు, ఆధారాలతో, రెండు పేజీల్లో.